శిక్ష పడ్డంక ఏమైతది? అప్పీలు సంగతి తెలుసుకుందాం



మీరు ఇప్పుడు పేపరు చదువుతున్నారు. పెద్ద అక్షరాలు గడగడా చదువుతున్నారు. చిన్న అక్షరాలు కూడబలుక్కొని చదువుతున్నారు. పేపర్లో ఒక్కోసారి ఇలాంటి వార్త వస్తది: "బాలుని కిడ్నాప్, హత్య. నిందితునికి ఉరిశిక్ష." కొన్ని నెలలకు ఇంకో వార్త వస్తది: "హైకోర్టులో అప్పీలు." కొన్నేండ్లకు మళ్లీ ఒకటి వస్తది. శిక్ష ఖాయమైందని ఉంటది, లేకుంటే శిక్ష తగ్గిందని ఉంటది. ఒక్కోసారి నిర్దోషి అని విడిచిపెట్టినట్టు కూడా ఉంటది.

అది చదివితే మనకు కోపం వస్తది. "ఒక కోర్టు శిక్ష వేసినంక ఇంకో కోర్టుకు ఎందుకు పోనిస్తరు? డబ్బున్నోడు తప్పించుకోవడానికే ఈ అప్పీలు" అని చాలామంది అంటుంటరు. మన రాత్రి బడిలో కూడా ఈ ప్రశ్న వచ్చింది. మన నందిపేట్ చుట్టుపక్కల ఊర్లలో ఎందరో మగవాళ్లు గల్ఫ్ దేశాల్లో పనిచేస్తున్నారు. ఇంటి దగ్గర తల్లులు బీడీలు చేసుకుంట పిల్లల్ని సాకుతున్నారు. పిల్లవాడు బడి నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే తల్లి గుండె ఆగినంత పనైతది. కాబట్టి ఈ ప్రశ్న ఊరికే వచ్చింది కాదు. దీనికి జవాబు తెలుసుకుందాం.

ఈ నేరం ఏమిటి?

డబ్బు కోసం మనిషిని ఎత్తుకుపోవడం, "ఇంత ఇస్తేనే విడిచిపెడతా, లేకుంటే చంపుతా" అని బెదిరించడం. ఇట్ల అడిగే డబ్బును కోర్టు కాగితాల్లో "విమోచన ధనం" అని రాస్తరు.

ఈ నేరానికి మన దేశంలో 1993లో ప్రత్యేక చట్టం వచ్చింది. పాత శిక్షాస్మృతిలో సెక్షన్ 364-ఎ అని కొత్తగా చేర్చారు. దీని కింద నేరం రుజువైతే యావజ్జీవ శిక్ష గాని, మరణశిక్ష గాని వేస్తరు. జరిమానా కూడా ఉంటది. ఎత్తుకుపోయిన మనిషిని చంపితే హత్య నేరం కూడా దీనికి తోడైతది.

2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అనే కొత్త చట్టం వచ్చింది. అందులో ఈ నేరం సెక్షన్ 140 కింద ఉంది. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత సెక్షనే వర్తిస్తది.

ఇంకో మాట. చిన్నపిల్లల్ని వాళ్ల తల్లిదండ్రులకు చెప్పకుండ తీసుకుపోతే అది కిడ్నాపే. "పిల్లవాడే ఇష్టపడి నా వెంట వచ్చిండు" అంటే చెల్లదు. పిల్లలు మిఠాయికి, బండికి ఆశపడతారు. వాళ్ల ఇష్టాన్ని చట్టం లెక్కలోకి తీసుకోదు.

కేసు ఎక్కే మెట్లు

మన మండలంలో నేరం జరిగితే మొదట పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు రాసుకుంటరు. దానినే ఎఫ్.ఐ.ఆర్. అంటరు. పోలీసులు దర్యాప్తు చేస్తరు. సాక్షుల్ని అడుగుతరు, వస్తువులు స్వాధీనం చేసుకుంటరు. తర్వాత కోర్టులో చార్జిషీటు వేస్తరు.

ఇంత పెద్ద నేరాన్ని చిన్న కోర్టు విచారించదు. సెషన్స్ కోర్టు విచారిస్తది. మన జిల్లాకు జిల్లా సెషన్స్ కోర్టు నిజామాబాద్‌లో ఉంది. అక్కడ సాక్షులు జడ్జి ఎదుట నిలబడి చెప్తరు. వాళ్లను ఇటు వకీలు, అటు వకీలు ప్రశ్నలు అడుగుతరు. అన్నీ విన్నంక జడ్జి తీర్పు ఇస్తరు.

ఆ తీర్పు మీద అభ్యంతరం ఉంటే హైదరాబాద్‌లోని హైకోర్టుకు పోవచ్చు. దీనినే అప్పీలు అంటరు. హైకోర్టు తీర్పు మీద కూడా అభ్యంతరం ఉంటే ఢిల్లీలోని సుప్రీంకోర్టును అడగొచ్చు. సుప్రీంకోర్టు పై మెట్టు. అక్కడ చాలా కేసుల్లో ముందుగా అనుమతి దొరకాలె. అనుమతి దొరికితేనే అప్పీలు వింటరు.

అప్పీలుకు గడువు ఉంది. సెషన్స్ కోర్టు వేసిన శిక్ష మీద హైకోర్టుకు 60 రోజుల్లోపు పోవాలె. మరణశిక్ష అయితే 30 రోజుల్లోపు పోవాలె. గడువు దాటినా, దానికి సరైన కారణం చూపిస్తే కోర్టు మన్నించవచ్చు.

రెండో కాంటా

నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పసుపు తోలుకపోయిన రైతుకు అప్పీలు సంగతి తొందరగా అర్థమైతది. బస్తాను కాంటా పెట్టారు. తూకం మీద రైతుకు అనుమానం వచ్చింది. "ఇంకో కాంటా మీద పెట్టు" అంటడు. రెండో కాంటా మీద పెట్టేది అదే బస్తా. అందులో కొత్త పసుపు కలపరు. ఉన్న పసుపు తీయరు. తూకం సరిగ్గా ఉంటే మొదటి లెక్కనే ఖాయం చేస్తరు. తేడా ఉంటే సరిచేస్తరు.

అప్పీలు కూడా అట్లనే. మామూలుగా అక్కడికి సాక్షులు మళ్లీ రారు. తల్లి మళ్లీ వచ్చి ఏడవదు. కింది కోర్టులో సాక్షులు చెప్పినప్పుడు రాసుకున్న కాగితాలు, పంచనామాలు, డాక్టరు రిపోర్టులు, ఫోను లెక్కలు, తీర్పు, అన్నీ కట్టగట్టి పై కోర్టుకు పంపుతరు. పై కోర్టు జడ్జీలు వాటిని చదువుతరు. రెండు పక్కల వకీళ్ల వాదన వింటరు. నేరం నిజంగా రుజువైందా, శిక్ష సరిగ్గా ఉందా అని చూస్తరు.

ఈ మాట బాగా గుర్తుపెట్టుకోవాలె. సాక్షి మొఖం పై కోర్టుకు కనపడదు. సాక్షి మాటగా కాగితం మీద ఏమి రాసి ఉందో అదే కనపడతది.

హైదరాబాద్ కేసు: ఒక్క చిన్న మాట

ఇది మన రాష్ట్ర రాజధానిలో జరిగిన కేసు. 2011లో ఒక బడి పిల్లవాడు పిక్నిక్ నుంచి తిరిగి వచ్చాడు. ఇంటికి దింపుతానని ఒక ఆటో డ్రైవర్ అతన్ని ఎక్కించుకున్నాడు. ఇంటికి తీసుకుపోలేదు. తండ్రికి ఫోను చేసి 2 లక్షల రూపాయలు అడిగాడు. తండ్రి పోలీసులకు చెప్పాడు. పిల్లవాడు క్షేమంగా దొరికాడు. డ్రైవర్ పట్టుబడ్డాడు.

సెషన్స్ కోర్టు ఆ డ్రైవర్‌కు సెక్షన్ 364-ఎ కింద యావజ్జీవ శిక్ష, 5,000 రూపాయల జరిమానా వేసింది. అతడు హైకోర్టుకు అప్పీలు చేసుకున్నాడు. హైకోర్టు కొట్టివేసింది. అప్పుడు సుప్రీంకోర్టుకు పోయాడు. 2021 జూన్ 28న జస్టిస్ అశోక్ భూషణ్, జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి తీర్పు ఇచ్చారు.

వాళ్లు ముందుగా చట్టంలోని మాటల్ని ఒక్కొక్కటి విడదీసి చదివారు. 364-ఎ కింద శిక్ష వేయాలంటే మూడు సంగతులు రుజువు కావాలె.

ఒకటి, మనిషిని ఎత్తుకుపోవాలె, లేదా ఎత్తుకుపోయి నిర్బంధించాలె.

రెండు, చంపుతానని గాని, గాయపరుస్తానని గాని బెదిరించాలె. లేదా చంపుతాడేమో అని భయం పుట్టేటట్టు నడుచుకోవాలె. లేదా నిజంగానే గాయపరచాలె, చంపాలె.

మూడు, ఇదంతా డబ్బు కోసమో, ఏదైనా పని చేయించుకోవడానికో చేయాలె.

ఒకటో సంగతికి, రెండో సంగతికి మధ్యన చట్టంలో "మరియు" అనే మాట ఉంది. "లేదా" అని లేదు. "బియ్యం మరియు పప్పు తీసుకురా" అంటే రెండూ తేవాలె. "బియ్యం లేదా పప్పు" అంటే ఒకటి తెస్తే చాలు. కాబట్టి ఎత్తుకుపోవడం ఒక్కటే రుజువైతే సరిపోదు. బెదిరింపు సంగతి కూడా రుజువు కావాలె.

ఈ కేసులో పిల్లవాడే కోర్టులో సాక్ష్యం చెప్పాడు. ఆ మనిషి తనను బాగానే చూసుకున్నాడని చెప్పాడు. బెదిరింపు రుజువైనట్టు కాగితాల్లో సుప్రీంకోర్టుకు కనపడలేదు. కింది కోర్టు కూడా ఆ సంగతి తేల్చి రాయలేదు. అందుకని యావజ్జీవ శిక్షను తీసివేశారు. అయితే కిడ్నాప్ చేసిన నేరం పూర్తిగా రుజువైంది. అందుకని మామూలు కిడ్నాప్ సెక్షన్ 363 కింద 7 ఏండ్ల జైలు, 5,000 రూపాయల జరిమానా వేశారు. ఆ సెక్షన్ కింద వేయగల గరిష్ఠ శిక్ష 7 ఏండ్లే.

డ్రైవర్ చేసింది తప్పు కాదని కోర్టు అన్లేదు. చేసిన తప్పుకు ఎంత శిక్షనో అంతే వేసింది. రుజువు కాని దానికి శిక్ష వేయలేదు. "మరియు" అనే ఒక్క మాట మీద ఒక మనిషి బతుకంత జైలా, ఏడేండ్ల జైలా అన్నది తేలింది. అక్షరానికి ఎంత బలముందో చూశారా?

జబల్‌పూర్ కేసు: తెగిపోయిన గొలుసు

హైదరాబాద్ పిల్లవాడు ప్రాణాలతో వచ్చాడు. అన్ని కేసులు అట్ల ముగియవు. మధ్యప్రదేశ్ రాష్ట్రంలోని జబల్‌పూర్‌లో 2013లో 15 ఏండ్ల పిల్లవాణ్ణి ఎత్తుకుపోయారు. డబ్బు కోసం ఫోన్లు వచ్చాయి. తర్వాత పిల్లవాడి శవం దొరికింది. పోలీసులు ముగ్గురిని పట్టుకున్నారు. సెషన్స్ కోర్టు ఇద్దరికి మరణశిక్ష, ఒకరికి యావజ్జీవ శిక్ష వేసింది. హైకోర్టు ఖాయం చేసింది.

2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ముగ్గురినీ విడిచిపెట్టింది. ఎందుకు?

పిల్లవాణ్ణి చంపుతుండగా చూసినవాళ్లు లేరు. అప్పుడు చిన్న చిన్న ఆధారాల్ని గొలుసు లెక్క కలపాలె. ఒక్క కడియ తెగినా గొలుసు పనికిరాదు. ఇక్కడ చాలా కడియలు తెగిపోయి ఉన్నాయి. ముద్దాయి చెప్పిన మాటల్ని, అతన్ని అరెస్టు చేసిన టైము కంటే ముందే పోలీసులు రాసినట్టు కాగితాల్లో ఉంది. ఆ మాటల్ని బట్టే వస్తువులు దొరికినయని చూపించారు. పంచనామాలు జరిగిన తీరు సరిగ్గా లేదని కోర్టు అన్నది. పోలీసుల దర్యాప్తుకు దేశమంతటా నమ్మదగిన ఒక పద్ధతి ఉండాలని కూడా అన్నది.

"పోలీసుల ముందు ఒప్పుకున్నడు కదా, ఇంకేం కావాలె?" అని మనం అంటం. మన దేశంలో పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదు. దెబ్బలకు భయపడి ఎవరైనా ఒప్పుకోవచ్చు కదా. ఒప్పుకున్న మాటల వల్ల కొత్త వస్తువు గాని, సంగతి గాని బయటపడితే, ఆ కొంత మాత్రమే చెల్లుతది. అదీ పద్ధతి ప్రకారం జరిగితేనే.

ఈ కేసులో ఒక తల్లి కొడుకును పోగొట్టుకుంది. ఎవరు చంపారో కోర్టులో రుజువు కాలేదు. ఇద్దరు మనుషులు ఏండ్ల తరబడి ఉరి నీడన బతికారు. దర్యాప్తు సరిగ్గా లేకపోతే రెండు పక్కలా అన్యాయమే జరుగుతది. ఆ తల్లి బాధకు కారణం అప్పీలు కాదు. దర్యాప్తు మొదట్లోనే జాగ్రత్తగా జరగకపోవడం.

మరణశిక్ష పడితే

2020 అక్టోబరులో మన తెలంగాణలోని మహబూబాబాద్‌లో 9 ఏండ్ల పిల్లవాణ్ణి తెలిసినవాడే బండి మీద ఎక్కించుకుపోయాడు. 45 లక్షల రూపాయలు అడిగాడు. పిల్లవాడు ప్రాణాలతో తిరిగి రాలేదు. 2023 సెప్టెంబరులో మహబూబాబాద్ కోర్టు ముద్దాయికి మరణశిక్ష వేసింది.

ఇలాంటి తీర్పు వచ్చిన వెంటనే ఉరి తీయరు. సెషన్స్ కోర్టు మరణశిక్ష వేస్తే, ఆ కాగితాలన్నీ హైకోర్టుకు పోవలసిందే. ముద్దాయి అప్పీలు చేసుకున్నా, చేసుకోకున్నా పోవలసిందే. అక్కడ ఇద్దరు జడ్జీలు చూసి ఖాయం చేస్తేనే ఆ శిక్ష నిలబడతది. ప్రాణం పోయినంక తప్పు దిద్దడం ఎవరి వల్లా కాదు. అందుకే చట్టం ఈ కట్టుబాటు పెట్టింది.

అప్పీలుకు పోతే ప్రతిసారీ శిక్ష తగ్గుతదని అనుకోవద్దు. పంజాబ్‌లోని హోషియార్‌పూర్‌లో 2005లో ఒక బడి పిల్లవాణ్ణి డబ్బు కోసం ఎత్తుకుపోయి చంపారు. ముగ్గురికి మరణశిక్ష పడ్డది. 2010లో సుప్రీంకోర్టు ఇద్దరికి మరణశిక్షను ఖాయం చేసింది. ఒక స్త్రీకి మాత్రం యావజ్జీవ శిక్షగా మార్చింది. ఒకే కేసులో కూడా ఎవరు ఎంత చేశారో వేరువేరుగా తూచింది. ఆ తర్వాత "364-ఎ చట్టమే చెల్లదు" అని వాళ్లు వాదించారు. 2015లో ముగ్గురు జడ్జీలు ఆ చట్టం చెల్లుతదని చెప్పారు.

"బెయిలు మీద బయటికొచ్చిండు" అంటే?

అప్పీలు తేలేదాకా శిక్షను ఆపి, బెయిలు ఇచ్చే అధికారం పై కోర్టుకు ఉంది. పెద్ద శిక్షల్లో సర్కారు వకీలుకు అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఇచ్చినంకనే బెయిలు మీద విడుస్తరు. బెయిలు వచ్చిందంటే కేసు కొట్టేసినట్టు కాదు. అప్పీలు ఓడిపోతే మళ్లీ జైలుకు పోవలసిందే.

బాధితులకు కూడా అప్పీలు ఉంది

అప్పీలు ముద్దాయికే అని చాలామంది అనుకుంటరు. అది నిజం కాదు. ముద్దాయిని విడిచిపెడితే సర్కారు పై కోర్టుకు పోవచ్చు. శిక్ష తక్కువైందని కూడా సర్కారు పోవచ్చు. 2009 డిసెంబరు 31 నుంచి బాధితులకు కూడా సొంతంగా అప్పీలు చేసుకునే హక్కు వచ్చింది. ముద్దాయిని విడిచిపెట్టినా, పెద్ద నేరానికి బదులు చిన్న నేరం కింద శిక్ష వేసినా, నష్టపరిహారం సరిపోకపోయినా బాధితులు అప్పీలు చేసుకోవచ్చు. చనిపోయిన పిల్లవాడి తల్లిదండ్రులు కూడా బాధితులే.

డబ్బు లేకపోతే?

వకీలుకు ఇచ్చే డబ్బు లేదని ఎవరూ వెనక్కి తగ్గే పని లేదు. న్యాయ సేవల చట్టం కింద ఉచితంగా వకీలును పెడతరు. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీ వాళ్లకు, జైల్లో ఉన్నవాళ్లకు ఈ సాయం దొరుకుతది. వాళ్లకు ఆదాయం లెక్క చూడరు. మిగిలిన పేదవాళ్లకు ఆదాయాన్ని బట్టి ఇస్తరు. నిజామాబాద్ జిల్లా కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 15100 నంబరుకు ఫోను చేసి కూడా అడగొచ్చు. దీనికి పైసలు పడవు. నష్టపరిహారం కోసం కూడా ఇదే సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

జైల్లో ఉన్న మనిషి అప్పీలు కాగితాన్ని జైలు అధికారి చేతికి ఇస్తే చాలు. ఆ అధికారి దాన్ని కోర్టుకు పంపాలె. జైలుశిక్ష పడ్డ మనిషికి తీర్పు నకలు ఉచితంగా ఇవ్వాలె.

మన చేతిలో ఏముంది?

పై కోర్టు కాగితాన్నే చదువుతదని తెలుసుకున్నం. ఆ కాగితం మొదలయ్యేది మన ఊర్లోనే, మన మాటతోనే. అందుకని ఈ సంగతులు గుర్తుపెట్టుకుందాం.

పిల్లలు కనపడకపోతే ఆలస్యం చేయొద్దు. 112కు గాని, పిల్లల సాయం నంబరు 1098కి గాని ఫోను చేయాలె. "పోలీసులకు చెప్తే చంపుతా" అని బెదిరింపు వచ్చినా దాచుకోవద్దు. హైదరాబాద్ తండ్రి పోలీసులకు చెప్పాడు, కొడుకు దక్కాడు.

ఏ స్టేషన్‌కు పోయినా ఫిర్యాదు రాసుకోవాలె. "అది మా హద్దు కాదు" అని తిప్పి పంపకూడదు. రాసుకున్న ఫిర్యాదును మనకు చదివి వినిపించాలె. తర్వాతే సంతకం చేయాలె. దాని నకలు ఉచితంగా ఇవ్వాలె.

బెదిరింపు ఫోను వస్తే ఏ టైముకు వచ్చిందో, ఏ నంబరు నుంచి వచ్చిందో, ఏ మాటలన్నాడో వెంటనే రాసిపెట్టుకోవాలె. "బెదిరించిండు" అని మాత్రమే రాస్తే సరిపోదు. అన్న మాట అన్నట్టే రాయాలె. హైదరాబాద్ కేసు తేలింది ఆ సంగతి మీదనే. ఫోనులో వచ్చిన నంబరును, సందేశాలను తుడిచేయొద్దు.

దర్యాప్తులో పోలీసులు రాసుకునే సాక్షి వాంగ్మూలం మీద సాక్షి సంతకం అక్కర్లేదు. చట్టమే వద్దన్నది. పంచనామా వేరు. పంచులుగా పిలిస్తే వస్తువు ఎక్కడ దొరికిందో మన కండ్లతో చూడాలె. కాగితం చదవాలె. టైము, తేదీ సరిచూసుకోవాలె. తర్వాతే సంతకం. చూడని దానికి, రాయని కాగితానికి సంతకం చేయొద్దు.

కోర్టులో సాక్ష్యం చెప్పినంక, రాసుకున్నది మనకు చదివి వినిపించాలె. అది మనకు రాని భాషలో ఉంటే తెలుగులో చెప్పమని అడగొచ్చు. తప్పుంటే అక్కడే చెప్పాలె. తెలిసింది తెలిసినట్టు చెప్పాలె. తెలియనిది తెలియదని చెప్పాలె. కోపంతో ఒక్క మాట ఎక్కువ చెప్పినా, భయంతో ఒక్క మాట తక్కువ చెప్పినా, ఆ లోటు ఏండ్ల తర్వాత పై కోర్టులో బయటపడతది.

వేలిముద్ర వేసిన రోజుల్లో "ఏం రాసిండ్రు సారూ?" అని అడగడానికే జంకేటోళ్లం. ఇప్పుడు అడగొచ్చు. చదువుకోవచ్చు కూడా.

గుంపు తీర్పుకు అప్పీలు లేదు

2018 మే నెలలో మన తెలంగాణలో ఒక పుకారు లేచింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నయని ఫోన్లలో సందేశాలు వచ్చాయి. జనం కొత్త మనిషి కనపడితే అనుమానించారు. కొన్నిచోట్ల పట్టుకొని కొట్టారు. ఏ పాపం ఎరుగని మనుషులు ఆ దెబ్బలకు చనిపోయారు.

వాళ్లను ఎవరూ "నీ తరఫున చెప్పుకునేది ఉందా?" అని అడగలేదు. సాక్షి లేడు, కాగితం లేదు, రెండో కాంటా లేదు. తర్వాత నిజం తెలిసింది. తెలిసినా పోయిన ప్రాణం రాలేదు.

అప్పీలు వల్ల కేసు ఆలస్యమైతది. అది నిజమే. హైదరాబాద్ కేసు తేలడానికి 10 ఏండ్లు పట్టింది. ఆ ఏండ్లన్నీ బాధితుల ఇంట్లో గాయం పచ్చిగనే ఉంటది. ఆలస్యం తగ్గాలని మనం గట్టిగా అడగాలె. కాని రెండో కాంటా వద్దనకూడదు. రేపు తప్పుడు కేసులో మన ఇంటి మనిషే ఇరుక్కోవచ్చు. లేకుంటే మన పిల్లవాణ్ణి పోగొట్టుకొని, దోషిని విడిచిపెట్టారని మనమే పై కోర్టు మెట్లు ఎక్కవలసి రావచ్చు. రెండు పక్కలవాళ్లకూ ఆ దారి తెరిచే ఉండాలె.

కొత్త మాటలు

ముద్దాయి: నేరం చేశాడని కేసు పెట్టబడిన మనిషి
అప్పీలు: కింది కోర్టు తీర్పును మళ్లీ చూడమని పై కోర్టును అడగడం
యావజ్జీవ శిక్ష: బతికి ఉన్నంత కాలం వర్తించే జైలుశిక్ష
పంచనామా: పంచుల ఎదుట చూసింది చూసినట్టు రాసే కాగితం
విమోచన ధనం: పట్టుకుపోయిన మనిషిని విడిచిపెట్టడానికి అడిగే డబ్బు

మాట్లాడుకోండి

1. "మరియు", "లేదా" అనే మాటలతో మీరు రెండు రెండు వాక్యాలు రాయండి. అర్థంలో తేడా ఏమిటి?
2. హైదరాబాద్ కేసులో శిక్ష ఎందుకు తగ్గింది? అది సరైనదేనా? మీ అభిప్రాయం చెప్పండి.
3. పంచుగా సంతకం చేయమని మిమ్మల్ని పిలిస్తే ముందుగా ఏమి చూస్తరు?
4. మీ ఇంట్లో అందరికీ కనపడేటట్టు గోడ మీద మూడు నంబర్లు రాయండి: 112, 1098, 15100.